పరుగు మొదలుపెట్టాక మడమ నొప్పి వస్తే ఏం చేయాలి?

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున, లోపలి వైపు కలుక్కుమంటుందా? నాలుగడుగులు నడిస్తే తగ్గి, కాసేపు కూర్చుని లేవగానే మళ్లీ మొదలవుతుందా? అది చాలావరకు ప్లాంటార్ ఫేషియా నొప్పే. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి పొడవునా ఉండే గట్టి పట్టీ అది.

పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ మన బరువుకు 2–3 రెట్ల భారం పడుతుంది. దాంతో పట్టీకి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ కొంత చెడిపోతుంది, కొంత కొత్తగా తయారవుతుంది. గట్టిగా వ్యాయామం చేశాక మొదటి రోజు, రోజున్నర చెడేదే ఎక్కువ. ఆలోపే మళ్లీ పరిగెత్తితే నష్టం పేరుకుంటుంది. దమ్ము వారాల్లో పెరుగుతుంది, ఈ పట్టీ గట్టిపడటానికి నెలలు పడుతుంది. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

1. పరుగు తగ్గించండి. రోజు విడిచి రోజు చాలు. స్పీడు, ఎత్తులెక్కడం, స్కిప్పింగ్ కొన్నాళ్లు మానేయండి. ఇంట్లో టైల్స్ మీద కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి.

2. మంచం దిగకముందే నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను పట్టుకుని వెనక్కి వంచండి. పట్టీ తాడులా బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. 10 అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు.

3. అసలు మందు ఇదే. టవల్ చుట్టి మెట్టు మీద పెట్టి, కాలివేళ్లు దాని మీద పైకి వంగి ఉండేలా, మడమ గాల్లో ఉండేలా నిలబడండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద 3 సెకన్లలో పైకి లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో దిగండి. 12 సార్ల చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలితో కష్టమైతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. తేలికైపోతే వీపుకు బ్యాగ్ తగిలించుకుని బరువు పెంచండి. డెన్మార్క్‌లో జరిగిన ఒక ప్రయోగంలో ఇలా చేసినవాళ్లకు, ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే 3 నెలలకు ఎక్కువ ఉపశమనం దొరికింది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఇద్దరూ సమానమే. అంటే నొప్పి త్వరగా తగ్గాలనుకునేవాళ్లకే ఈ కష్టం!

ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందన్నారని టెన్షన్ పడొద్దు. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది.

4. పొద్దుటి మొదటి అడుగు నొప్పి తగ్గాక దూరం కొద్దికొద్దిగా పెంచండి, స్పీడు ఆ తర్వాత. మర్నాడు పొద్దున నొప్పి ముందుకంటే ఎక్కువైతే, పెంచింది తగ్గించేయండి.

తిమ్మిరి, వాపు, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, పరుగు మధ్యలో టప్పుమని తెగినట్టు అనిపించడం ఉంటే ఇవేవీ చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్లయితే మొదట్లోనే వెళ్లండి.