గని మూసేముందు: తుది మూసివేత ప్రణాళికకు దరఖాస్తు ఎలా?

గేటుకు తాళం వేసి, మెషీన్లు లారీ ఎక్కించినంత మాత్రాన గని మూసినట్టు కాదు. 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాల ప్రకారం తుది మూసివేత ప్రణాళికకు ఆమోదం తెచ్చుకోవాలి, అందులో రాసినట్టు నేలను బాగుచేయాలి, పని పూర్తయిందని ధ్రువపత్రం పొందాలి. లీజు వదులుకోవడం ఆ తర్వాతే.

సున్నపురాయి, ఇనుము, మాంగనీసు గనులవాళ్లు భారత గనుల బ్యూరోకు, అంటే మనం రోజూ అనే ఐబీఎంకు దరఖాస్తు చేయాలి. దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. బొగ్గుకు పద్ధతి వేరు. గ్రానైటు, కంకర రాష్ట్ర గనుల శాఖ చేతిలో ఉంటాయి. ముగ్గురాయి, అభ్రకం, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ లీజుదారులు మాత్రం జాగ్రత్తగా చదవండి. 2015లో చిన్న ఖనిజాలుగా మారి రాష్ట్రాల చేతికి వెళ్లిన ఈ నాలుగింటినీ 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ ప్రధాన ఖనిజాల్లో, అంటే ఐబీఎం చూసేవాటిలో చేర్చింది. ముగ్గురాయి తవ్వే మంగంపేట, అభ్రకం తవ్వే గూడూరు వైపు పాత అలవాటుతో జిల్లా గనుల ఆఫీసుకే ఫైలు పట్టుకెళితే తిరిగి రావాల్సిందే.

ప్రణాళికను గని మూసే తేదీకి రెండేళ్ల ముందు ఇవ్వాలి. అధికారి 90 రోజుల్లో అవునో కాదో చెప్పాలి. రెండేళ్లంటే ఆఫీసు లెక్కలో చాలా దూరం, మొక్క లెక్కలో రెండు వానాకాలాలే. జూన్‌లో ఫైలు పెడితే ఆమోదం వచ్చేసరికి సగం వానలు వెళ్లిపోతాయి. అందుకే శివరాత్రి నాటికి పెట్టేయమంటాను, మృగశిర కార్తెకు కాగితం చేతిలో ఉంటుంది.

ప్రణాళిక రాసేది అనుభవమున్న మైనింగ్ ఇంజనీరో, జియాలజిస్టో. గొయ్యి, డంపు (తవ్విపోసిన వ్యర్థాల గుట్ట), రోడ్లు, షెడ్లు ఎన్ని హెక్టార్లలో ఉన్నాయి, ఒక్కోదాన్ని ఏం చేయబోతున్నారు, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో అన్నది అందులో ఉండాలి. నీళ్లు నిలిచే గొయ్యికి కంచె ఎక్కడ వేస్తారో, పని పోయే కూలీల సంగతేమిటో కూడా రాయాలి. చాలామంది ఈ చివరి భాగాన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు, అది తప్పు.

గడ్డి సంగతి మర్చిపోవద్దు. తవ్వకం ఆగాక ఆ నేలపై మళ్లీ గడ్డి పెంచి, పశువుల మేతకూ మొక్కలకూ జీవులకూ పనికొచ్చేలా చేయాలన్న షరతు లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. వరసల్లో నాటిన చెట్లు ఒక్కటే చూపిస్తే చాలదు. తవ్వకం మొదలైన రోజు పక్కకు తీసిపెట్టిన పై మట్టి ఇక్కడే అక్కరకొస్తుంది. దాన్ని డంపు కింద కప్పేసినవాళ్లు ఇప్పుడు ట్రాక్టర్లతో మట్టి కొనుక్కుంటున్నారు.

ఒక సున్నపురాయి గనిలో తనిఖీకి నేనూ వెళ్లాను. బెంచీ (గొయ్యి అంచున మెట్టులా వదిలిన నేల) మీద మూడడుగుల కానుగ మొక్కలు, ఆకులు పసుపు. అధికారి గొంతుకూర్చుని ఒకదాన్ని మెల్లగా లాగారు. నర్సరీ నల్ల కవరు వేళ్లకు అలాగే ఉంది. కాంట్రాక్టరు మొహం చూడాల్సింది. ఆ ఏడాది ధ్రువపత్రం రాలేదు.

ఇక డబ్బు. తవ్వకానికీ, డంపులకూ, రోడ్లకూ వాడిన ప్రతి హెక్టారుకు ఏ తరగతి గని (భారీ యంత్రాలతో నడిచేది, లేదా కూలీలు ఎక్కువగా ఉన్నది) అయితే 5 లక్షలు, మిగతావి ఉండే బీ తరగతి అయితే 3 లక్షల రూపాయల ఆర్థిక హామీ ఉండాలి. 2021 సవరణకు ముందు ఇవి 3, 2 లక్షలే. బీ తరగతిలో 20 హెక్టార్లు వాడితే 60 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇరుక్కుపోయినట్టే. ధ్రువపత్రం వస్తేనే విడుదల. గడువులో తుది ప్రణాళిక ఇవ్వకపోతే ఆ హామీ జప్తు కావచ్చు.

ధ్రువపత్రం అడిగేటప్పుడు ఏటా జులై 1కి ముందు పంపిన నివేదికల కాపీలు జత చేయండి. ఫొటోలు ఏ ఏడాదికి ఆ ఏడాది ఒకే రాయి దగ్గర నిలబడి తీసినవైతే వాదన అవసరం ఉండదు. గని వదిలే తేదీకి కనీసం 90 రోజుల ముందు ఐబీఎంకూ రాష్ట్ర ప్రభుత్వానికీ నోటీసు వెళ్లాలి, గనుల భద్రత డైరెక్టరేట్‌కు ఇవ్వాల్సిన నోటీసు వేరే. రాయల్టీ, డెడ్ రెంటు (తవ్వకపోయినా లీజుకు కట్టాల్సిన అద్దె) బాకీలు ఉంటే ముందే కట్టేయండి.