జపాన్ సీఎస్‌వీ పైథాన్‌లో చదవాలంటే షిఫ్ట్-జిస్ కాదు, సీపీ932

జపనీస్ విండోస్‌లో ఎక్సెల్ సేవ్ చేసిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) పైథాన్‌లో షిఫ్ట్-జిస్‌గా (జపనీస్ అక్షరాలను బైట్లుగా రాసే ఒక ఎన్‌కోడింగ్ పద్ధతి) తెరిస్తే కొన్ని వరుసలు బాగానే చదివి, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్‌తో ఆగిపోయింది. ఆగిన చోట బైట్లు 87 40, అంటే చుట్టూ వృత్తం గీసిన 1 అంకె (①). షిఫ్ట్-జిస్ ప్రమాణంలో అది లేదు, దాన్ని విస్తరించి మైక్రోసాఫ్ట్ వాడే సీపీ932లో ఉంది. ఎన్‌కోడింగ్ దగ్గర సీపీ932 అని పెట్టగానే సరిపోయింది. ఎర్రర్లను ఇగ్నోర్ చేయమని మాత్రం రాయొద్దు, అక్షరాలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

అసలు తిప్పలు పెట్టేది కటకానా (జపనీస్ లిపుల్లో ఒకటి) అక్షరం ‘సో’. దాని బైట్లు 83 5సీ. ఆ రెండోది ఆస్కీలో బ్యాక్‌స్లాష్! బైట్లుగా ఉండగానే ముక్కలు చేస్తే దాన్ని విడి బ్యాక్‌స్లాష్ అనుకునే ప్రమాదముంది. అందుకే ముందు డీకోడ్ (బైట్లను అక్షరాలుగా మార్చడం), ఆ తర్వాతే స్ప్లిట్. ఫలితాన్ని మళ్లీ ఎక్సెల్‌లో తెరిచేవాళ్లుంటే యూటీఎఫ్-8-సిగ్‌లో రాయాలి, ఫైలు మొదట్లో అది చేర్చే బీఓఎమ్ అనే గుర్తు బైట్లు చూసి అది యూటీఎఫ్-8 అని ఎక్సెల్ గుర్తుపడుతుంది.