బొర్రా సీజన్: కొట్టు పెట్టేముందు జాగ్రత్తలు

కార్తీకం వస్తోంది. ఎస్.కోట, విజయనగరం నుంచి బొర్రా గుహల వైపు బండ్లు తిప్పేవాళ్లు, టెంట్లు, టిఫిన్ కొట్లు పెట్టేవాళ్లు ఇవి చూసుకోండి.

– మరుగుదొడ్డి గుంత తవ్వకండి, అడుగు కట్టిన ట్యాంకు పెట్టించండి. అది సున్నపురాయి నేల. నీరు మట్టిలో వడకట్టుకోకుండా రాతి పగుళ్లలోంచి నేరుగా దిగిపోతుంది. ఇక్కడ పోసింది ఎక్కడో ఊటలో తేలుతుంది, ఆ ఊటనే జనం తాగుతారు. గోస్తని పారేది అక్కడే. ఆ నీళ్లే మన తాటిపూడి జలాశయానికి వస్తాయి. ట్యాంకు నిండేదాకా ఆగకుండా, దాన్ని ఖాళీ చేసే బండి పిలిపించండి.

– బొంగు చికెన్ కడిగిన నీళ్లు, నూనె జిడ్డు వాగులో పారబోయొద్దు. కారణం పైదే.

– గబ్బిలాల మీద టార్చి కొట్టడం, ఈలలు, స్పీకర్లు వద్దని డ్రైవర్లకు, గైడ్లకు గట్టిగా చెప్పండి. రాత్రిళ్లు పురుగుల్ని తినిపెట్టేవి గబ్బిలాలే. గుహ చీకట్లో బతికే చిన్న ప్రాణులకు వాటి రెట్టే తిండి. కస్టమర్ ముక్కు మూసుకుంటే ఈ ముక్క చెప్పండి, ఆసక్తిగా వింటారు.

– రాతి ఆకారాల్ని ముట్టుకోనివ్వొద్దు. చేతి జిడ్డు అంటితే సున్నం పేరుకోదు, రాయి నల్లబడుతుంది.

– స్థలానికి అడ్వాన్సు ఇచ్చేముందు ఆగండి. అది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. ఏజెన్సీ భూముల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు, బొర్రా ఉన్న ఆ అనంతగిరి కొండల గనుల గొడవలోంచి వచ్చిందే. స్థానిక గిరిజనుల కొట్లతో కలిసి పనిచేయడమే తేలిక.