పాత రేస్ సైకిల్ బేరమాడే ముందు

చలికాలం వస్తోంది. నల్లగొండ నుంచి సాగర్ దాకా తొక్కుదామని పాత రేస్ సైకిల్ వెతుకుతున్నవారు డబ్బు ఇచ్చే ముందు ఇవి చూడండి.

ఫ్రేమ్: హ్యాండిల్ వెనక, గొట్టాల కింది వైపు వేలితో తడమండి. పెయింట్ ముడతపడి ఉంటే ఎప్పుడో గట్టిగా గుద్దుకున్నట్టే. ఇక బేరం వద్దు.

సీటు కాడ: వదులు చేసి కదిపించండి. ఉక్కు గొట్టంలో అల్యూమినియం కాడ పట్టేస్తే చివరికి రంపమే దిక్కు. "నూనె వేస్తే వచ్చేస్తుందన్నా" అని అమ్మే ఆయన అంటే, ఆయన్నే వేసి తీయమనండి.

టైరు మీది అంకె: 622 అయితే మంచిది, అది ఇప్పటి 700సి సైజు. 630 అంటే పాత 27 అంగుళాల సైజు. టైరు దొరకడం కష్టం.

పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ మీది నంబరు: గీకేసి ఉంటే దొంగ సొమ్మేమో!

రెనాల్డ్స్ 531 (పేరున్న ఉక్కు గొట్టాల రకం) స్టిక్కర్: ఎవరైనా అతికించవచ్చు, దానికి ధర కట్టకండి.

గొలుసు, బ్రేకు రబ్బర్లు అరిగినా బెంగ లేదు, మార్చుకోవచ్చు.