ఆంగ్లంలో ‘బోలెడు’ అని చెప్పడం ఎలా

ఆంగ్లంలో అధిక పరిమాణాన్ని తెలిపే పలుకుబడిని ఎంచుకునే ముందు, చెప్పబోయేది లెక్కపెట్టదగినదా కాదా అని చూసుకోవాలి. మనుషులు, పుస్తకాల వంటి వాటికి ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్’ అనీ, సమయం, శ్రమ వంటి వాటికి ‘ఎ గ్రేట్ డీల్ ఆఫ్’ అనీ రాయాలి. ‘ఎ లాట్ ఆఫ్’, ‘ప్లెంటీ ఆఫ్’ రెండు రకాలకూ చెల్లుతాయి, అయితే ‘ప్లెంటీ’లో అవసరానికి లోటు లేదన్న ధ్వని కూడా ఉంటుంది. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ తర్వాత బహువచన క్రియ, ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్’ తర్వాత ఏకవచన క్రియ వస్తాయి. మనవాళ్లు తరచుగా తికమకపడేది ఇక్కడే.

‘టన్స్ ఆఫ్’, ‘లోడ్స్ ఆఫ్’ స్నేహితుల మధ్య ముచ్చటగా ఉంటాయి గాని, ఉద్యోగ దరఖాస్తులో శోభించవు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అమెరికన్ల ‘ఎ డైమ్ ఎ డజన్’ విషయంలో అవసరం. డైమ్ అంటే 10 సెంట్ల నాణెం. దానికి 12 దొరికేంత చవక అన్న భావం కనుక, అందులో సమృద్ధితో పాటు చులకన కూడా ఉంటుంది. బ్రిటన్‌లో దీన్నే ‘టెన్ ఎ పెన్నీ’ అంటారు. సహోద్యోగులైన ఇంజనీర్లను పొగడబోయి ఈ మాట వాడితే, అటువంటివారు వీధికొకరు దొరుకుతారని తీసిపారేసినట్లే అవుతుంది.