అరవై దాటాక ఐపీ పెట్టినవాళ్ళు మళ్ళీ నిలదొక్కుకోవాలంటే ఏం చెయ్యాలి

వ్యాపారం మునిగిపోయి అరవైలో ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్, పెట్టిన వాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. మిర్చి కమీషన్ కొట్లు పెట్టినవాళ్ళు, పత్తి వ్యాపారం చేసినవాళ్ళు, బట్టల షాపులవాళ్ళు, కొడుకు వ్యాపారానికి హామీ సంతకాలు పెట్టి ఇరుక్కున్నవాళ్ళు. నేను బ్యాంకులో లోన్ల సీట్లో పని చేసి రిటైర్ అయ్యా, ఇప్పటికీ తెలిసినవాళ్ళు కాగితాలు పట్టుకుని ఇంటికొస్తుంటారు, వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. ముప్పై ఏళ్ళ కుర్రాడికి ఇచ్చే సలహా అరవై రెండేళ్ళ ఆయనకి పనికిరాదండి. కుర్రాడికి ముందు సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీర్చాడో చూపించే మార్కు, కావాలి, రేపు ఇల్లు కొనాలి కాబట్టి. ఈ వయసులో ముందు కావాల్సింది నెలనెలా ఆగకుండా వచ్చే డబ్బు, ఎవరూ వచ్చి జప్తు చెయ్యలేని డబ్బు. స్కోరు దాని తర్వాతే.

అయితే ఈ రెండిటికంటే ముందు కోర్టులో ఒక పని మిగిలి ఉంటుంది, దాన్నే చాలామంది వదిలేస్తారు. పిటిషన్ వేశాం, కోర్టు దివాలాదారుగా ప్రకటించింది, ఆస్తులు అఫీషియల్ రిసీవర్ (దివాలా ఆస్తుల్ని చూస్కునే కోర్టు అధికారి) చేతికి వెళ్ళాయి, ఇంక అయిపోయింది అనుకుని లాయర్‌కి ఫోన్ చెయ్యడం కూడా మానేస్తారు. అయిపోలేదు. మన రెండు రాష్ట్రాల్లో మామూలు మనిషి పెట్టే ఐపీకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే వర్తిస్తుంది, 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీలకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్ళ వరకే, అదీ 2019 డిసెంబరు నుంచి అమల్లోకొచ్చింది. ఆ పాత చట్టం ప్రకారం కోర్టు మీకు ఒక గడువు ఇస్తుంది, ఆ గడువులోపు డిశ్చార్జ్ కోసం, అంటే పాత అప్పుల నుంచి విడుదల చెయ్యమని, మీరే మళ్ళీ పిటిషన్ వేస్కోవాలి. వెయ్యకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్ళు మళ్ళీ మీ మీదకొస్తారు.

డిశ్చార్జ్ రాకుండా ఉండిపోతే ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. ఈ మధ్యలో మీకు ఏదైనా ఆస్తి కలిసొస్తే, అంటే అన్నయ్య పోయి వాటా వచ్చిందనుకోండి, అది కూడా రిసీవర్‌కే పోతుంది. రెండోది, డిశ్చార్జ్ కాని మనిషి తను దివాలాదారునని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, అంతకు మించి అప్పు తీస్కుంటే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. యాభై వేలు కాదు, యాభై రూపాయలే, 1920లో రాసిన అంకె అలాగే ఉంది. అందుకే కోర్టు నుంచి డిశ్చార్జ్ ఆర్డర్ చేతికి రాకుండా క్రెడిట్ కార్డు గురించి ఆలోచించొద్దు.

డిశ్చార్జ్ అడిగితే అలా ఇచ్చెయ్యరు. మీ ఆస్తుల విలువ హామీ లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలన్నా, అంటే సగమన్నా, రాకపోతే, అది మీ తప్పు వల్ల కాదని మీరు చూపించుకోవాలి. దివాలాకి ముందు మూడేళ్ళు లెక్కల పుస్తకాలు సరిగ్గా రాయకపోయినా జడ్జి గారు అడ్డం చెప్పొచ్చు. కాబట్టి పాత లెడ్జర్లు, పట్టీలు, జీఎస్టీ రిటర్నులు, ధర పడిపోయిన సీజన్లో మీరు అమ్మిన బిల్లులు, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చుంటే ఆసుపత్రి బిల్లులు, ఇవన్నీ తూకానికి వెయ్యకుండా దాచండి. వ్యాపారం పోయిందన్న బాధలో ఇల్లు ఖాళీ చేస్తూ అన్నీ పారేస్తారు, తర్వాత అవే కావాల్సొస్తాయి.

డిశ్చార్జ్ వచ్చినా అన్నీ పోవు, ఇది తెలిసి ఉండాలి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చిన అప్పులు, భార్యకో పిల్లలకో ఇవ్వాల్సిన మనోవర్తి, ఇవి అలాగే ఉంటాయి. మీకు హామీ సంతకం పెట్టినవాళ్ళ బాధ్యత పోదు, బ్యాంకు వాళ్ళ వెంట పడొచ్చు, అందుకని మీరే వెళ్ళి వాళ్ళతో ముందు మాట్లాడడం మర్యాద. తనఖా ఉన్న ఇంటిని బ్యాంకు అమ్ముకోవడాన్ని ఐపీ ఆపదు. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, అది దాని దారిన అది నడుస్తుంది, వాయిదాలకి వెళ్ళాల్సిందే.

ఇప్పుడు డబ్బు సంగతి. పాత బాకీ ఉన్న బ్యాంకులో కొత్త డబ్బు పెట్టకండి, పింఛను ఖాతా కూడా అక్కడుంటే మార్పించుకోండి, ఎందుకంటే తన దగ్గరున్న మీ డిపాజిట్‌ని పాత బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. అసలు బాకీయే లేని వేరే బ్యాంకులో మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా తెరవండి, సిబిల్ బాలేదని ఈ ఖాతా ఇవ్వకుండా ఉండరు.

తర్వాత చట్టం కాపాడే డబ్బు ఏదో తెలుస్కోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద ప్రభుత్వ పింఛను, ప్రావిడెంట్ ఫండ్, పీపీఎఫ్, జీవిత బీమా పాలసీ మీద వచ్చే డబ్బు, ఇవి డిక్రీ బాకీకి (కోర్టు కట్టమని తీర్పిచ్చిన బాకీకి) జప్తు చెయ్యడానికి లేదు, దివాలాలో రిసీవర్‌కి కూడా పోవు. ఇది తెలియక ఎంతమంది పీఎఫ్ మొత్తం తీసి, ఎల్ఐసీ సరెండర్ చేసి వడ్డీ వ్యాపారులకి పోశారో చెప్తే మనసు పాడవుద్ది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, దానికి మీ ముసలితనం మొత్తం పోసినా చాలదు. పీపీఎఫ్ పాతది ఉంటే ముట్టుకోకండి.

డిశ్చార్జ్ అయ్యాక చేతిలో కొంచెం మిగిలినా, పిల్లలు ఇచ్చినా, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీము చూడండి. అరవై దాటినవాళ్ళకి, వెయ్యి రూపాయల నుంచి 30 లక్షల దాకా పెట్టొచ్చు, ఐదేళ్ళు, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, 2025లో రేటు 8.2 శాతం ఉంది. ఎక్కువ వడ్డీ ఇస్తామనే సొసైటీల వైపు, రిజిస్టర్ కాని చిట్టీల వైపు ఈ దశలో చూడనే చూడొద్దు, పోయినదాన్ని తొందరగా రాబట్టుకోవాలనే ఆత్రమే రెండోసారి ముంచుతుంది. బ్యాంకు డిపాజిట్లకైతే ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది, అది చూస్కుని పెట్టండి. ఒకప్పుడు కొట్టు ఓనరుని, ఇప్పుడు పింఛనుకి అప్లై చెయ్యడమేంటి అని సిగ్గుపడేవాళ్ళని చూశాను, అర్హత ఉంటే అడగండి, ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000 అయింది, తెలంగాణలో 2025 నాటికి 2,016 ఇస్తున్నారు. అది మందుల ఖర్చు.

మందులంటే గుర్తొచ్చింది, ఈ వయసులో మళ్ళీ అప్పులోకి లాగేది వ్యాపారం కాదండీ, ఆసుపత్రి. ఎన్టీఆర్ వైద్య సేవ లేదా ఆరోగ్యశ్రీ కార్డు సరిగ్గా ఉందో లేదో ముందే చూస్కోండి. డెబ్బై దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఆధార్‌తో తీస్కోవచ్చు. ప్రైవేటు పాలసీ తీస్కునే స్తోమత ఉంటే, ముందున్న జబ్బులకి వెయిటింగ్ మూడేళ్ళకి మించి పెట్టడానికి లేదు, బీపీ షుగర్ దాచకుండా రాయండి.

ఇంక స్కోరు. మన దేశంలో ఇది లెక్కగట్టే కంపెనీలు నాలుగు, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికోసారి ఒక్కోదాన్నుంచి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. నాలుగూ తెప్పించండి, ఎందుకంటే ఒకదాంట్లో క్లోజ్ అయిన లోను ఇంకోదాంట్లో ఇంకా బాకీ అని ఉంటుంది. కోర్టు ఆర్డర్ వచ్చినంత మాత్రాన రిపోర్టు దానంతటది మారదు, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీస్కెళ్ళి బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీస్కుని, అప్‌డేట్ చెయ్యమని అడగాలి. తప్పు మీద ఫిర్యాదు పెట్టాక 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం మీకివ్వాలని ఆర్‌బీఐ రూలు. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టండి, దానికి ఫీజు లేదు.

ఐపీ దాకా పోకుండా బ్యాంకుతో ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి బాకీ తెంచుకునే ఒప్పందం) చేస్కున్నవాళ్ళు కూడా ఉంటారు కదా, వాళ్ళ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, అది క్లోజ్డ్‌తో సమానం కాదు, తక్కువకి ఒప్పుకున్నారని అర్థం. మిగిలిన తేడా చిన్నదైతే, స్తోమత ఉంటే, అది కూడా కట్టి క్లోజ్డ్ అని మార్పించుకోవచ్చు, పెద్దదైతే వదిలెయ్యండి, ఈ వయసులో ఆ మాట కోసం లక్షలు పొయ్యక్కర్లేదు. సెటిల్ చేసిన అదే బ్యాంకు కొత్త లోను ఇవ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలి. బాకీ తీరాక తనఖా కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 మీకు కట్టాలి, ఇది 2023 డిసెంబరు నుంచి ఉంది, అడిగి తీస్కోండి.

స్కోరు పెంచే పద్ధతి చాలా మామూలుది. ఇరవై వేలో పాతిక వేలో ఎఫ్‌డీ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీస్కోండి, ఎఫ్‌డీయే హామీ కాబట్టి స్కోరు లేకపోయినా ఇస్తారు. దాంతో కరెంటు బిల్లు, గ్యాసు, ఫోను, అంతే. లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వొద్దు. మినిమం డ్యూ కాదు, మొత్తం కట్టాలి, అదీ ఖాతాలోంచి ఆటోమేటిగ్గా పోయేట్టు పెట్టుకుంటే మర్చిపోవడం ఉండదు. సిబిల్ రిపోర్టులో గత 36 నెలల చెల్లింపులు నెలనెలా కనబడతాయి, అంటే మూడేళ్ళు శుభ్రంగా కడితే ఆ గళ్ళన్నీ శుభ్రంగా ఉంటాయి, పాత మచ్చ ఇంకొన్నాళ్ళు ఉన్నా బలం తగ్గుతుంది. నెలలో స్కోరు 750 చేస్తాం అని డబ్బులడిగే ఏజెంట్లు చేసేదేమీ లేదు. లోన్ యాప్‌ల జోలికి అసలు పోవద్దు. అర్జెంటుగా డబ్బు కావాల్సొస్తే బ్యాంకులో బంగారం పెట్టి తీస్కోవడం నయం, సమయానికి విడిపిస్తే అది కూడా రిపోర్టులో మంచిగానే పడుతుంది.

అన్నిటికంటే కష్టమైంది చుట్టాల బాకీ. బావమరిది, తోడల్లుడు, పక్కింటివాళ్ళు, వాళ్ళ మొహం చూడలేక, పరువు కోసం, కొత్త అప్పు చేసి తీర్చేవాళ్ళున్నారు. అలా చెయ్యకండి, దయచేసి. డిశ్చార్జ్‌కి ముందు ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ ఇస్తే కోర్టులో మీకే చిక్కు. తర్వాత ఇవ్వాలనుంటే, ఇవ్వాలనుకోవడం చాలా మంచి మనసు, నెలకి మిగిలిన దాంట్లోంచి రెండు వేలో మూడు వేలో ఇవ్వండి, రసీదు తీస్కోండి, కానీ కొత్త ప్రామిసరీ నోటు రాయకండి, పాత నోటు వెనక చెల్లు సంతకం (ఇంత కట్టానని రాసి పెట్టే సంతకం) పెట్టకండి. కాలదోషం పట్టిన, అంటే కోర్టుకెళ్ళే గడువు దాటిపోయిన, బాకీని కూడా ఇస్తానని రాసి సంతకం పెడితే మళ్ళీ ప్రాణం పోసినట్టే, కోర్టుకెళ్ళొచ్చు. ఆ మాట ఎదుటివాళ్ళకి మెత్తగా, ముందే చెప్పండి, చాలామంది అర్థం చేస్కుంటారు.

ఇంకెవరికీ హామీ సంతకం పెట్టొద్దు, సొంత అల్లుడైనా సరే. మళ్ళీ ఇల్లో స్థలమో సమకూరితే పిల్లలకి గిఫ్టు రాసే ముందు, మమ్మల్ని చూస్కోవాలి అనే షరతు డీడ్‌లోనే రాయించండి. అలా రాసుంటే, రేపు వాళ్ళు చూడకపోతే 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్‌డీఓ దగ్గరకెళ్ళి ఆ గిఫ్టు రద్దు చేయించుకోవచ్చు. డాక్యుమెంట్ రైటర్ అక్కర్లేదులే అన్నా రాయించండి.