తుక్కు సామానుతో అంతరిక్ష నౌక మోడల్ ఎలా చేయాలి?

కిట్ కొనకుండా, ఊళ్లో దొరికే సామానుతోనే ఒక సైన్స్ ఫిక్షన్ నౌకను మొదటి ముక్క నుంచీ చేతితో కట్టుకోవచ్చు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో ఉంటున్నాం కదా, ఇక్కడ ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి అనుకోవద్దు. ఫ్లెక్స్ బోర్డులు చేసే షాపు, హార్డ్‌వేర్ కొట్టు, సెల్‌ఫోన్ రిపేరు బడ్డీ, కార్లకు రంగులేసే షెడ్డు ఉంటే చాలు. ఫ్లెక్స్ షాపులో నేల మీద పడున్న సన్‌బోర్డ్ ముక్కలు అడిగితే “ఇయ్యి ఏటి చేసుకుంటారు బాబూ?” అని నవ్వి ఇచ్చేస్తారు. నవ్వనివ్వండి.

ఈ పనిలో అసలు కష్టం అంటించడం, కోయడం కాదు. మూరెడు కూడా లేని వస్తువు యాభై మీటర్ల ఓడలా కనబడాలి. ఏ ముక్క కోస్తున్నా, ఏ రంగు వేస్తున్నా ఆ సంగతి మనసులో ఉండాలి.

ముందు కొలత

స్కేలు, అంటే అసలు కొలతకు మోడల్ ఎన్నో వంతు అన్నది, నిర్ణయించకుండా కత్తెర పట్టుకోవద్దు. కొత్తవాళ్లకు 1:144 బాగుంటుంది. ఆ స్కేల్లో అసలు మీటరు మన దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు అవుతుంది. లెక్క నోటితోనే వేసుకోవచ్చు. మనిషి 12 మి.మీ., తలుపు 14 మి.మీ., మెట్ల పక్క రెయిలింగ్ 7 మి.మీ. కొరాపుట్ మీదుగా కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైన్లో ఇనుప ఖనిజం మోసే వ్యాగన్ పొడవు దాదాపు 10.7 మీటర్లు. మోడల్లో అది 74 మి.మీ. అవుతుంది. మీ నౌక 40 సెంటీమీటర్లు ఉంటే అసలు పొడవు 57 మీటర్లు దాటుతుంది. అంటే వరసగా నిలబెట్టిన అయిదు వ్యాగన్ల కన్నా కొంచెం ఎక్కువ. ఇలా తెలిసిన వస్తువుతో పోల్చి చూసుకుంటే కొలతలు గాలిలో తేలవు.

గ్రాఫ్ కాగితం మీద పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి మూడు బొమ్మలు గీయండి. తర్వాత చెప్పుల డబ్బా అట్టతో అరగంటలో ఒక ముతక నమూనా అంటించి బల్ల మీద పెట్టి, నాలుగు వైపుల నుంచీ చూడండి. కాగితం మీద ఠీవిగా కనిపించిన ముక్కు చేతిలోకొచ్చేసరికి వెకిలిగా ఉండొచ్చు. అట్టతో ఉండగానే దాన్ని కోసేయడం సులువు.

ఆకారం ఎలా ఉండాలన్నది మీ ఇష్టం. నేను మాత్రం ఖనిజం మోసే నౌక అనుకుని చెప్తున్నాను. ఒక్క మాట మాత్రం చెప్తాను. గాలి లేని చోట తిరిగే నౌకకు రెక్కలక్కర్లేదు, వేడి వదిలే పలకలు కావాలి. శూన్యంలో వేడిని మోసుకుపోవడానికి గాలి ఉండదు, అది వికిరణంగానే బయటికి పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఉన్న పెద్ద తెల్లటి రేడియేటర్ పలకల పని అదే. నాలుగు పలకలు పక్కకు చాపి పెట్టండి. రెక్కలున్న నౌక కన్నా నమ్మబుద్ధేస్తుంది, చేయడమూ తేలిక.

ఏ ప్లాస్టిక్ అతుక్కుంటుంది, ఏది అతుక్కోదు

తుక్కు ఏరేటప్పుడు అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరిన్. రెండూ జిగురు బాగా పట్టి, రంగూ నిలబెట్టుకుంటాయి. 2, 4, 5 అంకెలున్నవి పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ జాతివి. షాంపూ సీసాలు, చాలా రకాల మూతలు ఈ కోవలోనివే. వీటి మీద మామూలు జిగురేదీ నిలవదు, ఎండాక గోటితో గీకితే పెచ్చులా లేచిపోతుంది. ఆకారం ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. తప్పదనుకుంటే సన్నటి స్క్రూతో బిగించండి.

ఫ్లెక్స్ షాపులోనే ఇంకో తికమక ఉంది. సన్‌బోర్డ్ అంటే పీవీసీ ఫోమ్ షీటు, మనకు కావలసింది అదే. సన్‌ప్యాక్ అని అమ్మేది లోపల గాడులున్న పాలీప్రొపిలీన్ షీటు. చూడ్డానికి దగ్గరగా ఉంటుంది గానీ మనకు పనికిరాదు. థర్మోకోల్ కూడా నాకు నచ్చదు. స్ప్రే పెయింట్ పడితే కరిగి గుంతలు పడుతుంది. లోపల బరువు లేని దిమ్మెగా వాడితే వాడండి, కానీ పైన పూర్తిగా మూసేయాలి, అంటించడానికి ఫెవికాల్ ఒక్కటే వాడాలి.

జిగుర్లు మూడు రకాలు చాలు. ఫెవిక్విక్ చిన్న ముక్కలకు. అది గాలిలోని తేమతోనే బిగుస్తుంది కాబట్టి మన గంజాం వైపు ఉక్కలో ఊపిరి తీసేలోగా పట్టేస్తుంది. ముక్కను ముందే సరిగ్గా ఆనించి, తర్వాత చుక్క వేయండి. సందు మిగిలితే కాస్త వంటసోడా చల్లి పైన చుక్క వేస్తే వెంటనే రాయిలా అవుతుంది. పెద్ద సన్‌బోర్డ్ పలకలకు పైపులు అతికే సాల్వెంట్ సిమెంట్ బ్రష్‌తో పలచగా రాయాలి. ఎక్కువైతే బోర్డు మెత్తబడి కుంగుతుంది. ఇంకోటి ఎమ్‌సీల్. రెండు ముద్దలూ సమంగా కలిపి మూలలు నింపడానికి, వంపులు దిద్దడానికి వాడండి. సాల్వెంట్ వాసన తలకెక్కుతుంది, కిటికీ తెరిచే ఉంచండి.

అస్థిపంజరం

నౌకకు వెన్నుపూసగా కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు తీసుకోండి. దాని మీద 5 మి.మీ. సన్‌బోర్డ్‌తో అడ్డ పలకలు గుచ్చండి. ప్రతి పలక ఆ చోట నౌక అడ్డుకోత ఆకారంలో ఉండాలి. స్టాండు కడ్డీ దూరే చోట ఒక నట్టును ఎమ్‌సీల్‌తో ఇప్పుడే పాతేయండి. అంతా అయ్యాక కింద కన్నం పెట్టబోతే లోపలి దీపాల తీగలు తెగుతాయి.

పై తోలుకు 3 మి.మీ. సన్‌బోర్డ్, వంపులున్న చోట పలచటి పాలీస్టైరిన్ షీటు. కట్టర్‌తో ఒక్కసారే బలంగా నొక్కి కోయాలని చూడకండి. స్టీల్ స్కేలు ఆన్చి నాలుగైదు సార్లు తేలిగ్గా గీయండి. స్టైరిన్ అయితే రెండు గీతలు గీసి వంచితే టక్కున విరుగుతుంది. బ్లేడు మొన తరచూ విరగ్గొట్టి కొత్తది తెచ్చుకోండి. మొద్దు బ్లేడే వేలి మీదికి జారుతుంది.

గుండ్రటి భాగాలకు ఊళ్లోనే మంచి పాఠం ఉంది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివాళ్లు కొమ్మును వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచుతారు. పీవీసీ కూడా అలాగే లొంగుతుంది. మరిగే నీళ్లలో ముంచితే పలచటి ముక్క చాలామట్టుకు మెత్తబడుతుంది. సీసా చుట్టూ చుట్టి గుడ్డతో కట్టి చల్లార్చండి. మంట మీద మాత్రం పెట్టొద్దు, పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. ఇంధన ట్యాంకులకు టేబుల్ టెన్నిస్ బంతులు తెచ్చుకోండి. వాటి వ్యాసం 40 మి.మీ., మన స్కేల్లో అయిదున్నర మీటర్లు దాటిన గోళం. పాత సెల్యులాయిడ్ బంతులు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి కొత్త ప్లాస్టిక్‌వే కొనండి.

దీపాలు పెడతానంటే

ఒళ్లు మూసేముందే పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. 9 వోల్టుల బ్యాటరీతో ఒక్కో ఎల్‌ఈడీకి 470 ఓమ్ రెసిస్టర్ కలిపితే 13 మిల్లీ ఆంపియర్ల లోపే పారుతుంది, కాలిపోదు. కిటికీలకు 2 మి.మీ. కన్నాలు పెడితే అసలు సైజులో దాదాపు 29 సెంటీమీటర్ల కిటికీలు అవుతాయి. అంతకన్నా పెద్దవి పెడితే నౌక బొమ్మలా తేలిపోతుంది. లోపలి గోడలకు ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు లేకపోతే సన్‌బోర్డ్ గోడలే మొత్తం వెలుగుతాయి.

నునుపు

ఈ మెట్టు విసుగు, కానీ దాటేయలేం. అతుకుల మీద కార్ల షెడ్డులో దొరికే ఎన్‌సీ పుట్టీ పలచగా రాసి, ఆరాక 220 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 400, చివర 800 నీళ్లతో. మాస్క్ పెట్టుకోండి. ఒక కోటు బూడిద రంగు ప్రైమర్ కొడితే దాగిన గీతలన్నీ బయటపడతాయి. మళ్లీ పుట్టీ, మళ్లీ ఉప్పుకాగితం.

వివరాలు

మోడల్ పని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. 1970ల హాలీవుడ్ అంతరిక్ష చిత్రాలకు మోడళ్లు చేసినవాళ్లు యుద్ధ ట్యాంకులు, విమానాల బొమ్మల కిట్లు కొని, వాటి విడిభాగాలు నౌకల ఒంటి మీద అంటించారు. చిన్న చిన్న యంత్ర భాగాలు ఒత్తుగా కనిపిస్తే కన్ను దాన్ని పెద్ద వస్తువుగా లెక్క కడుతుంది. మనకు కిట్లక్కర్లేదు. పాడైన సెల్‌ఫోన్ బోర్డులు, కీబోర్డు లోపలి ముక్కలు, బాల్‌పెన్ భాగాలు, గడియారం పళ్లచక్రాలు, మాత్రల అట్టలు, కుట్టుదారం, సన్నటి రాగి తీగ ఉన్నాయి.

అయితే దొరికిందల్లా అంటించేస్తే చెత్తకుప్పే అవుతుంది. ఒకసారి దమన్‌జోడి వెళ్లి రోడ్డు మీద నిలబడి నాల్కో అల్యూమినా కర్మాగారాన్ని చూసి రండి. పంచపట్మాలి కొండ మీది గని నుంచి 14.6 కిలోమీటర్ల కన్వేయర్ మీద బాక్సైట్ అక్కడికి దిగుతుంది. అక్కడ ఏ పైపూ ఊరికే లేదు. ఒక ట్యాంకులో మొదలై ఇంకో దాంట్లో ముగుస్తుంది. పైపు వంగిన చోట ఊతముంటుంది. వాల్వు ఉన్న చోటికి నిచ్చెన, నిచ్చెన పైన నిలబడే మెట్టు, దాని చుట్టూ రెయిలింగ్ ఉంటాయి. మధ్యలో పెద్ద పెద్ద ఖాళీ గోడలు కూడా ఉంటాయి. మీ నౌక మీదా అంతే. ఇంజన్ల దగ్గర, ట్యాంకుల మధ్య, ఖనిజం దింపే తలుపు చుట్టూ ఒత్తుగా పెట్టి, మిగతా చోట కన్నుకు ఊపిరాడనివ్వండి. నన్నడిగితే మూడింట రెండు వంతులు ఖాళీగానే ఉండాలి.

ఒక ముక్క అంటించే ముందు “దీన్ని బాగు చేయడానికి మనిషి ఎలా వస్తాడు?” అని అడగండి. జవాబు దొరికితే పక్కన 14 మి.మీ. తలుపో, 7 మి.మీ. రెయిలింగో వస్తుంది. చూసేవాడు తెలియకుండానే దాంతో నౌకను కొలుచుకుంటాడు. ఫోన్ బోర్డు ఉన్నదున్నట్టు అంటిస్తే ఎవరైనా “ఇది ఫోన్ బోర్డు” అని ఇట్టే పట్టేస్తారు. ముక్కలు చేసి, తిప్పి, వేరేదాంతో కలిపి అంటించండి.

పలకల మధ్య గీతలు లోతుగా గీయకండి. 1 మి.మీ. గీత అంటే అసలు నౌకలో 14 సెంటీమీటర్ల సందు, పిల్లాడి కాలు ఇరుక్కుపోతుంది! సూది మొనతో ఒక్కసారి గీయడం చాలు. ఉబ్బెత్తు పలకలకు విజిటింగ్ కార్డు ముక్కలు అంటించి, పైన ఫెవిక్విక్ పట్టిస్తే ప్లాస్టిక్‌లా గట్టిపడతాయి.

రంగు

తుంపర పడే రోజుల్లో స్ప్రే ముట్టుకోవద్దు. తేమ ఎక్కువున్నప్పుడు లాకర్ (lacquer) రకం రంగు మీద తెల్లటి పొర కమ్ముతుంది. కొరాపుట్ కొండల్లో చలికాలం పొద్దుటి మంచు కూడా అంతే, ఎండెక్కాక వేయండి. డబ్బాను జానెడు పైన పట్టి, పలచగా మూడు నాలుగు కోట్లు. మెరిసే రంగు వద్దే వద్దు, మెరుపు వస్తువును చిన్నది చేస్తుంది. బూడిద రంగు మీద అక్కడక్కడ ఒక్కో పలకకు కొంచెం ముదురో, కొంచెం లేతో బ్రష్‌తో వేస్తే చాలు. తేడా కనీకనబడకుండా ఉండాలి.

ఆ తర్వాత ముసలితనం. నల్ల ఆక్రిలిక్‌ను బాగా నీళ్లు చేసి సందుల్లోకి వదిలి, పైపైన గుడ్డతో తుడిచేయండి. తుప్పు వేసే ముందు ఆలోచించండి. ఇనుముకు తుప్పు పట్టాలంటే ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. శూన్యంలో తిరిగే నౌకకు తుప్పెక్కడిది? పై నుంచి కిందికి కారిన చారికలూ అంతే, గురుత్వం ఉన్న నేల మీద నిలబడ్డ నౌకకే ఉంటాయి. దుమ్ము మాత్రం ఉండొచ్చు. చంద్రుడి మీద అపోలో వ్యోమగాముల సూట్లకు అక్కడి ధూళి వదలకుండా పట్టుకుంది. ఖనిజ నౌక కాబట్టి సరుకు తలుపు చుట్టూ, కాళ్ల మీద బాక్సైట్ లాంటి ఎర్రటి గోధుమ రంగు పొడి బాగుంటుంది. మన ఎర్రమట్టినే ఎండబెట్టి నూరి, పాత పంచెగుడ్డలో జల్లించి, మెత్తటి బ్రష్‌తో అద్దండి. పైన మ్యాట్ వార్నిష్ దూరం నుంచి ఒక్క కోటు.

ఫొటో

ఫోన్‌ను నౌక ఎత్తుకే దించండి. పైనుంచి తీస్తే మన కన్ను దాన్ని బల్ల మీది వస్తువుగానే చూస్తుంది. దీపం ఒక్కటే, ఒక పక్క నుంచి, గట్టి నీడలు పడేలా. అంతరిక్షంలో వెలుగునిచ్చేది ఒకే సూర్యుడు, నీడను మెత్తబరిచే గాలి ఉండదు. వెనక నల్ల గుడ్డ కట్టండి, దాని మీద చుక్కలు పెట్టకండి. ఎండ పడి మెరిసే వస్తువుకు సరిపోయే ఎక్స్‌పోజర్‌లో నక్షత్రాలు నమోదు కావు. చంద్రుడి నేల మీద తీసిన అపోలో ఫొటోల్లో నల్లటి ఆకాశంలో చుక్కలు కనబడనిది అందుకే.